నోరు విప్పనివాడు

మునీఫ్‌కు మొదటినుంచీ గొప్పలు చెప్పుకునే జబ్బు. నబ్లుస్ కొండల్లోని ఆ ఊరి రాతికోత మిల్లులో ముప్ఫై కిలోల పలక మోస్తే, సాయంత్రానికి అది అరవై కిలోలయ్యేది. పక్కన పనిచేసే బుర్హాన్ నవ్వి ఊరుకునేవాడు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే ఈడు.

పంతొమ్మిదో ఏట, ఊళ్లను ఆక్రమించుకున్న సైనికుల జీపు మీద రాళ్లు వేశాడని మునీఫ్‌ను పట్టుకుపోయారు. పదకొండు రోజులు నిద్ర లేకుండా ప్రశ్నలడిగినా అతను నోరు మెదపలేదు. అంతవరకూ నిజమే. పన్నెండో రోజు ఖైదీల గదిలోకి మార్చారు. అక్కడి గడ్డాల పెద్దమనుషులు లేచి కౌగిలించుకున్నారు, టీ పోశారు, సింహమన్నారు. బయట ఎవరెవరు ఏం చేశారో మనవాళ్లకు తెలియాలి, చెప్పు నాయనా అన్నారు.

వాళ్లు పిట్టలు. ఖైదీల వేషంలో ఉండి పైవాళ్లకు కబుర్లు మోసేవాళ్లను జైల్లో అలాగే అంటారు. ఈ సంగతి ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. మునీఫ్‌కూ తెలుసు. కానీ అంత పొగిడాక వట్టి రాళ్ల గురించి చెప్పడం నామోషీ అనిపించింది. తను చెప్పిన కథలో బుర్హాన్ చేత పెట్రోలు సీసా విసిరించాడు. ఆ సీసా మునీఫ్ నోట్లో తప్ప ఎక్కడా లేదు. మునీఫ్‌కు నాలుగేళ్లు పడ్డాయి, బుర్హాన్‌కు తొమ్మిది.

మునీఫ్ విడుదలై వచ్చిన మూడో రోజుకీ ఇంటినిండా జనమే. తండ్రి అబూ మునీఫ్ కాఫీ పోస్తూ, "మావాడి నోరు ఇనప్పెట్టె" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా మునీఫ్‌కు ఒళ్లు చచ్చిపోతోంది. ఒక్కడికైనా నిజం చెప్పే ధైర్యం రాలేదు.

అప్పుడు బుర్హాన్ తల్లి వచ్చింది. ఇచ్చిన కాఫీ తాగకుండా కప్పు ముందు పెట్టుకుంది. అంటే ఏదో అడగడానికి వచ్చిందన్నమాట. అడిగింది ఇస్తామంటేనే తాగుతుంది.

అబూ మునీఫ్ నిండుగా నవ్వాడు. "తాగు వదినా. నువ్వేం అడిగినా ఇచ్చినట్టే."

ఆమె ఒక్క గుక్కలో తాగేసింది.

"నా కొడుకు పేరు చెప్పిందెవరో కావాలి. లోపల ఇలాంటివి తెలుస్తాయంట గదా. వాడితో గొడవేం పెట్టుకోను. వాడింట్లో మంచినీళ్లు ముట్టకుండా ఉండాలి, అంతే."

"చెప్పరా," అన్నాడు తండ్రి. "మాటిచ్చాం."

చచ్చిపోయినవాడి పేరేదైనా చెప్పేద్దామా అనుకున్నాడు మునీఫ్. ఆ ఆలోచనకే సిగ్గుతో చెవులు కాలాయి.

"నేనే పిన్నీ."

ఆమె అతని చేతులకేసీ, మొహంకేసీ, దేనికోసమో వెతికినట్టు చూసింది.

"బాగా కొట్టారా నాయనా?"

"కొట్టకుండా ఎట్లా ఉంటారు వదినా," తండ్రి గొంతు బతిమాలుతున్నట్టుంది. "చెప్పరా, ఎట్లా కొట్టారో చెప్పు పిన్నికి."

అవునంటే చాలు. ఆమె క్షమించేసేది, ఊరు ఏడ్చేది. మునీఫ్ తలెత్తలేకపోయాడు.

"చెప్పేటప్పుడు ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు పిన్నీ. మెచ్చుకున్నారు."

ఆమె లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. కనీసం రెండు దెబ్బలైనా కొట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు మునీఫ్.