చేతికి సరిపడా తప్పు

దర్జీకి కుడిచెయ్యి పడిపోయింది. ముప్పై ఏళ్ళు కత్తెర ఆడించిన చెయ్యి, ఒకరోజు పొద్దున కోటు గుడ్డ మీద సుద్దగీత గీస్తూ గీస్తూ సగంలో ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎడమచేత్తో ప్రయత్నించాడు. కుడిచేతి కోసం చేసిన కత్తెర ఎడమచేతికి లొంగుతుందా? గుడ్డ తెగకుండా కత్తెర నోట్లో మడతపడి కూర్చుంది.

అతనికి ప్రాణస్నేహితులు ఇద్దరు. పక్కకొట్టు బేకరీ ఆయన ఒకడు, ఎవరేమన్నా ఔనౌననే ఎదురుకొట్టు గడియారాల ఆయన మరొకడు. బుధవారం సాయంత్రాలు ముగ్గురూ దర్జీ కొట్లోనే ప్రార్థనకు కూర్చునేవారు. ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో ఆ మనిషి ముందుగా తన తప్పొకటి ఒప్పుకోవాలి. బేకరీ ఆయన పెట్టిన నియమం అది. జలుబులకూ ఇంటి గొడవలకూ బాగానే నడిచింది. జలుబుకు సరిపడా తప్పులు ఎవరి దగ్గరైనా ఉంటాయి.

దర్జీ మొదటి వారం, జనం ఇచ్చిన బట్టలో మిగిలిన ముక్కలతో దిండు గలీబులు కుట్టుకున్నానని ఒప్పుకున్నాడు. లోకంలో ఏ దర్జీ కుట్టుకోలేదు గనక! ప్రార్థన జరిగింది, చెయ్యి కదల్లేదు. రెండో వారం, రేపిస్తానని చెప్పి నెలల తరబడి తిప్పుకున్నవాళ్ళ సంగతి చెప్పాడు. అదీ చాల్లేదు. లోపల ఇంకేదో పెద్దది దాచావు, కక్కెయ్యమని బేకరీ ఆయన బతిమాలాడు. తప్పు చెయ్యనివాడు ఎప్పుడైనా నాశనమయ్యాడా అని బైబిల్లో ఒక మాట ఉంది. అది అతనికి కంఠతా వచ్చు, ఎక్కడపడితే అక్కడ వాడేసేవాడు. చెడ్డవాడేం కాదు. రోజూ వేడి రొట్టె తెచ్చి, ముక్కలు తుంచి స్నేహితుడికి తినిపించేది అతనే. పుండు మీద కారం చల్లేదీ అతనే.

అడగ్గా అడగ్గా మనిషికి తనమీద తనకే అనుమానం పుడుతుంది. దర్జీకి కంటిమీద కునుకు లేకుండా పోయింది. ఏదో చేసే ఉంటాననుకుని తన బతుకంతా తవ్విపోసుకున్నాడు, ఏమీ దొరకలేదు. పోనీ లేని తప్పే ఒప్పుకుంటే వీళ్ళ మనసు కుదుటపడుతుంది, కనీసం స్నేహితులైనా మిగులుతారు అనుకున్నాడు. మంచాన పడ్డ తల్లిని చివరి రోజుల్లో పస్తులు పెట్టానని ఆ బుధవారం సాయంత్రం ప్రార్థనలో చెప్పబోతున్నట్టు భార్యతో అన్నాడు.

ఆమె బొత్తాలు కుడుతోంది. సూది పక్కన పెట్టింది.

"అత్తయ్యను ఈ చేతుల్తోనే ఎత్తి నీళ్ళు పోశారు. నేను కళ్ళారా చూశాను. మీరు చేసిన పనుల్లో అంత మంచిది ఇంకోటి లేదు. దాన్నే బురదలో పడేస్తారా?"

అని ఊరుకోలేదు. బైబిలు తెచ్చి, బేకరీ ఆయన వల్లించే మాట ఎక్కడుందో వెతికి, అది ఎవరన్నారో చూసింది. దేవుడు అన్నది కాదు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుని, ఒళ్ళంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబుతో అతని స్నేహితుడు అన్నది. ఏం పాపం చేశావో చెప్పమని ఆ స్నేహితులూ యోబును పీక్కుతిన్నారు. చివరికి దేవుడు మాట్లాడినప్పుడు కోప్పడింది వాళ్ళ మీదే. ఇన్నేళ్ళూ ఆ మాటనా దేవుడి మాటనుకుని నెత్తిన పెట్టుకున్నది అని దర్జీకి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. దర్జీ గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఈ చేతికి సరిపడా తప్పు నా దగ్గర లేదురా. ఉంటే చెప్పేవాణ్ణి."

భార్య ఆ పేజీ తెరిచి వాళ్ళ ముందు పెట్టింది. గడియారాల ఆయన ఈసారి ఔననలేదు, కాదనలేదు. బేకరీ ఆయన ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఇంతెత్తున లేస్తాడనుకున్నారు. అతని మొహం మాత్రం పాలిపోయింది. పిండి పిసికే తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"నువ్వేమీ చెయ్యకుండానే నీకిలా అయితే, రేపు నాకూ అవుతుందిగా?" అన్నాడు మెల్లగా.

ఇన్నాళ్ళూ వీడు వెతికింది నా పాపాన్ని కాదు, తన భయానికి మందు అని దర్జీకి అప్పుడు అర్థమైంది. కోపమంతా దిగిపోయింది. ఎడమచేత్తో కుర్చీ లాగి స్నేహితుణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అవ్వొచ్చురా. అయిన రోజున నేనొస్తాను. ఏం చేశావని మాత్రం అడగను."