గండి అంచున మా బావగారి ఆనకట్ట

మా బావగారికి, అంటే మా వారి అన్నగారికి, రాయి మీద గౌరవం రెండు చోట్లే ఉండేది: గుడిలో, పునాదిలో. మిగతా రాయంతా ఆయన దృష్టిలో దేవుడు సగంలో వదిలేసిన పని. ఉయ్యూరు పక్కన మా అత్తవారి ఊళ్ళో మోకాలి లోతు తవ్వినా నల్లమట్టే. చెరుకు తోటలో నాగలికి గులకరాయి తగిలితే పాలేరు దాన్ని తెచ్చి అరుగు మీద పెట్టేవాడు, ఎక్కణ్ణుంచి వచ్చిందో పెద్దలు విచారించాలన్నట్టు. విచారించేవారు కూడా.

అలాంటి మనిషిని గండికోట లోయ అంచున నిలబెట్టిన ఘనత మా ఆడపడుచుది.

ఈ మధ్య మా అపార్ట్‌మెంటులో వాళ్ళు సెలవులకు అక్కడికి వెళ్ళొచ్చి ఫోన్లో ఫోటోలు చూపిస్తున్నారు. అచ్చం అమెరికా ఎడారిలో లోయలా ఉందట. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టించి చూశాను. ఉంది. కాని మేము వెళ్ళిన రోజుల్లో దాన్ని చూడ్డానికి ఎవరూ వెళ్ళేవారు కాదు. ఉద్యోగం పడితే వెళ్ళేవారు, పడ్డందుకు ఏడ్చేవారు.

అది 1974 జూన్. మా వారు 1975 అంటారు. 1975 జూన్‌లో ఆయన పచ్చకామెర్లతో మంచం మీద ఉన్నారు, పథ్యం వండింది నేను, కాబట్టి ఆ వాదన అంతటితో సరి.

మా ఆడపడుచుకి జమ్మలమడుగు అవతల ఒక ఊరి హైస్కూల్లో సోషల్ టీచరుగా ఆర్డరు వచ్చింది. బి.ఎడ్. పాసయి రెండేళ్ళు ఇంట్లో కూర్చుంది. కూర్చుందంటే అన్నగారి గేదెల పాల లెక్కలు రాస్తూ, వదినగారి పిల్లలకు జడలు వేస్తూ. గడువులోగా చేరకపోతే ఆర్డరు రద్దు. మళ్ళీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

"ఊరు చూడకుండా పిల్లని పంపేది లేదు," అన్నారు మామగారు.

"చూసేదేముంది నాన్నా? రాళ్ళు. రాళ్ళు తిని, రాళ్ళు తాగి బతికే జనం," అన్నారు బావగారు. ఆయన అప్పటిదాకా కృష్ణ దాటి గుంటూరు కంటే దూరం వెళ్ళలేదు.

చివరికి నలుగురం బయల్దేరాం: మామగారు, బావగారు, ఆ పిల్ల, తోడుగా నేను. మా వారికి సెలవు లేదన్నారు. సెలవులు పదకొండు మిగిలి ఉన్నాయి. బావగారు ఒక సంచీ బియ్యం, జాడీలో గోంగూర పచ్చడి, మరచెంబు నిండా మా ఊరి నీళ్ళు తెచ్చుకున్నారు. రైలు దిగి రెండు బస్సులు మారేసరికి కిటికీలోంచి చూసి ప్రతి పొలాన్నీ ఫెయిల్ చేశారు.

హెడ్మాస్టరు మర్యాదస్తుడు. బడి చూపించాడు, ఆడవాళ్ళు ఉండటానికి ఒక పంతులుగారింట్లో గది చూపించాడు. బావగారు గోడ తట్టి, బావిలోకి తొంగిచూసి, "ఊహూ," అన్నారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"ఇంత దూరం వచ్చినారు, మా గండి చూడకుండా పోతారా సార్? ఈడ చూపించేదానికి మాకున్నది అదొక్కటే," అన్నాడు హెడ్మాస్టరు. మరునాడు పొద్దున్నే జీపు కుదిర్చి కోటకు తీసుకువెళ్ళాడు.

కోట దాటి బండల మీద కొంత నడిచాక నేల ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎదురుగా మూడు వందల అడుగుల గోడ, మా కాళ్ళ కింద ఇంకో గోడ, మధ్యలో అడుగున పెన్న. రాయి ఎర్రగా, పలకలు పలకలుగా, రైసుమిల్లు గోదాములో బస్తాలు నెట్టు కట్టినట్టు ఉంది. కొన్ని బస్తాలు జరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో పడతాయన్నట్టు గాల్లోకి పొడుచుకొచ్చాయి. అవి పుట్టిందగ్గర్నించీ అలాగే ఉన్నాయట. మామగారు అంచుకు పది గజాల దూరంలోనే చతికిలబడ్డారు.

"ఎవరు పేర్చారే ఇదంతా?"

"ఎవరూ పేర్చలేదు నాన్నా. ఏరు కోసింది. లక్షల ఏళ్ళు కోసింది."

"మనకి కట్టకి గండి పడితే తెల్లారేసరికి పూడ్చేస్తాం. వీళ్ళు ఇంత గండి పెట్టుకుని లక్షల ఏళ్ళు చూస్తూ కూచున్నారా?" అన్నారు మామగారు.

ఆ పిల్ల నవ్వాపుకుని, "మన పొలాల్లో మట్టి మాత్రం ఎక్కడిదనుకున్నావు? ఎగువన ఇలాంటి రాళ్ళు అరిగి కృష్ణలో కొట్టుకొచ్చిందే," అంది.

"నోర్ముయ్," అన్నారు బావగారు. "మన మట్టి మన మట్టే. రాళ్ళకు పుట్టిందంటావేంటి?" సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు మా గోత్రంలో లోపం ఎత్తిచూపినట్టు ఉంది ఆయన వాలకం.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆ పిల్ల కూడా అనుకుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ లోయలోకి చూస్తోంది, సెలవు తీసుకుంటున్నట్టు.

అప్పుడు బావగారు అంచు దగ్గరికి వెళ్ళి, హెడ్మాస్టరు చెయ్యి పట్టుకుని, మొదటిసారి కిందికి చూశారు. అడుగున ఎర్రటి నీరు సుడులు తిరుగుతూ పారుతోంది.

"నీళ్ళే!" అన్నారు.

"నిన్న వచ్చినాయి సార్. పైన యాడో వాన పడింది. ఇంకో రెండు దినాలుంటాయి, పోతాయి."

బావగారు వినలేదు. ఆ గోడా ఈ గోడా చూస్తున్నారు. "చూడండి నాన్నా, రెండు పక్కలా రాయి. గట్టు కట్టే ఖర్చే లేదు. మధ్యలో ఒక్క అడ్డం వేస్తే చాలు. రేపో మాపో గవర్నమెంటు వేయకపోతుందా? ఈ లోపల పైన నేల కారుచౌకగా..." గొంతు తగ్గించి నా వైపు తిరిగారు. "ఏమ్మా, లెక్కల టీచరువి కదా. ఏడాది పొడుగునా ఈ పారకం ఉంటే ఎన్ని ఎకరాలు తడుస్తాయి?"

బావగారి ఎదుట నేను మాట్లాడే అలవాటు లేదు, లెక్క అడిగితే తప్ప. వెడల్పు నలభై అడుగులు, లోతు రెండు, వేగం సెకనుకి రెండడుగులు. మూడూ ఆయన పైనుంచి చూసి చెప్పినవే. ఎర్ర రాయి ముక్క తీసుకుని బండ మీద వేశాను. నూట అరవై క్యూసెక్కులు. క్యూసెక్కుకి డెబ్బై ఎకరాలని మా కాలవ లెక్క. పదకొండు వేల రెండు వందల ఎకరాలు.

నీరు మూడు వందల అడుగుల కింద, నేల పైన ఉందన్నది లెక్కలో ఆయన అడగలేదు. ఏడాది పొడుగునా అన్నది కూడా ఆయన మాటే. అడిగిన ప్రశ్నకు జవాబు రాసి, రాయి ముక్క పక్కన పెట్టి, చేతులు దులుపుకున్నాను. ఆ పిల్ల బండ మీది అంకెల్ని చూసింది, నన్ను చూసింది, కొంగు వేలి మీంచి విప్పేసుకుంది.

"పదకొండు వేలు!" బావగారు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నారు. "నాన్నా, మనవాళ్ళంటూ ఒకరు ఇక్కడ ఉండాలి. ధరలు తెలుస్తుంటాయి."

"పెద్దాడివి, నువ్వు సరేనంటే నాకేం?" అన్నారు మామగారు.

చదువు, జీతం, పిల్ల కోరిక, హెడ్మాస్టరు మర్యాద, ఇవేవీ కదిలించని మనిషిని ఒక్కరోజు వరద కదిలించింది. మర్నాడే ఆ పిల్ల బడిలో చేరింది. "ఎకరం ఎంత పలుకుతోందో కనుక్కుంటూ ఉండు," అన్నారు బావగారు బస్సు ఎక్కుతూ. "అలాగే అన్నయ్యా," అంది, కళ్ళెత్తకుండా.

చెరుకు, పెళ్ళిళ్ళు, ఎలక్షన్లు అడ్డొచ్చి ఆయన మళ్ళీ రావడానికి 1977 మే అయింది. సెలవులకని నేను అక్కడే ఉన్నాను. ఆనకట్ట పడే చోటు దగ్గర్నుంచి చూస్తానన్నారు. ఆ పిల్ల మమ్మల్ని బండల సందుల్లోంచి లోయ అడుగుకి దింపింది. అక్కడ ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఇద్దరు ఆడవాళ్ళు చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో బిందెలోకి తోడుకుంటున్నారు.

"నీళ్ళేవే?"

"వస్తాయి అన్నయ్యా. వచ్చినప్పుడు రెండు మూడు రోజులుంటాయి."

"ఆ రోజే చెప్పొచ్చు కదా!"

"హెడ్మాస్టరుగారు చెప్పారు."

ఆయన నా వైపు తిరిగారు. "మరి నీ లెక్క?"

"లెక్క సరిగ్గానే ఉందండీ," అన్నాను.

కాసేపు ఇసుకను కాలితో తన్నారు. ఆ తర్వాత, "సరే, ఇక్కడ మనకేం పని? సామాను సర్దుకో, ఇంటికి పోదాం," అన్నారు చెల్లెలితో.

"నా ప్రొబేషను నిరుడే పూర్తయింది అన్నయ్యా. జూన్ పదమూడున బడి తెరుస్తారు, పదో తరగతి నాకే ఇచ్చారు," అంది ఆమె. ఆ రోజు నుంచీ ఆమెను పిల్ల అనడం నేను మానేశాను.

పైకి ఎక్కేటప్పుడు బావగారు బండల మీద చేతులు ఆన్చి నాలుగైదు చోట్ల ఆగారు. ఆమె ఎక్కడా ఆగలేదు. ఏ పలక కదులుతుందో, ఏది కదలదో ఆమెకు తెలుసు.