మామ కట్టిన పలుపు

పోయిన నెల కుప్పం నుంచి మా మామ కూతురు ఫోన్ చేసి, "నాయన పొద్దున లేయలేదు వదినా" అంది. ఆ తర్వాత ఏడుపే.

ఆయన మా అమ్మ తమ్ముడు. పుంగనూరులో పశువుల కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. కుప్పంలో కూతురింటికి వెళ్లి, అక్కడే నిద్రలో పోయాడు. వచ్చినవాళ్లంతా ఆయన బతికించిన ఆవుల గురించి చెప్పుకున్నారు. నాకు చెప్పాలనిపించింది ఒక ఆట గురించి.

మదనపల్లెలో ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్ ఆటలు తయారుచేస్తాను. వేలమంది కలిసి ఆడే మా ఆటలో కత్తివీరులు, మంత్రగాళ్లతోపాటు మచ్చికగాడు అనే పాత్ర ఉంది. అడవి జంతువులను పట్టి వెంట తిప్పుకోవడం అతని పని. ఆ జంతువులు రెండు దెబ్బలకే చచ్చేవి కాబట్టి ఆ పాత్రను ఎవరూ తీసుకునేవారు కాదు. ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి పాత్ర అది. బాగుచెయ్యి, లేదంటే తీసేద్దాం అన్నారు ఆఫీసులో.

అప్పుడే మామకు మోకాలి ఆపరేషనైంది. కాలక్షేపానికి ఆట పెట్టిచ్చాను. ఏరికోరి మచ్చికగాడినే తీసుకుని, ఒక తెల్ల కోడెదూడను పట్టబోయి, ల్యాప్‌టాప్ నావైపు తోసేశాడు.

"కొట్టి కొట్టి సగం సంపి, ఆనక తాడేస్తే అది నీదెట్లయితాది పాపా? యాడన్నా ఉండాదా ఈ అన్యాయం!"

"ఇది ఆట మామా."

"ఆటైతే? దూడ దూడే గదా!"

జంతువుల బలం పెంచుతానంటే నెత్తి కొట్టుకున్నాడు. "బలం యాల మే? దానికి నువ్వెవురో తెలియాల. సంతలో ఆవునమ్మినోడు మెడలో పలుపు ఇప్పుకోని పోతాడు, సూసినావా? కొన్నోడు కొత్త పలుపు తెచ్చుకోవాల. పాత పలుపు ఉన్నన్నాళ్లు అది పాతోడిదే."

చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఒక్కసారీ తట్టలేదు నాకు.

కొట్టడం తీసేశాను. మేత పెట్టి, పక్కన కూర్చుని ఓపిక పట్టాలి. జంతువు తనంతట తాను దగ్గరికొస్తే, సొంతంగా పేనిన పలుపు కట్టాలి. అప్పుడది యజమాని కోసం పులికైనా ఎదురు నిలబడుతుంది. మామ రోజూ ఆడి చూసి ఫోన్ చేసేవాడు. "దూడకు ఉప్పు పెట్టేది మరిసిపోయినారు మీవోళ్లు!" అని తిట్టేవాడు. ఒక్కోసారి విసుక్కుని ఫోన్ ఎత్తేదాన్ని కాదు. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది.

మార్పు వచ్చిన వారానికే మచ్చికగాడు లేకుండా ఏ గుంపూ అడవిలోకి అడుగుపెట్టడం లేదు. పాత్ర నిలబడింది. ఆ సంగతి చెబుదామనుకునేలోపే మామ కుప్పం బస్సులోంచి ఫోన్ చేశాడు.

"దూడ మచ్చికైంది పాపా! వంతెన కాడ కట్టేసినా. మూడు దినాల్లో వచ్చేస్తాను, రోంత సూస్తా ఉండు."

కర్మ ముగిశాక ఆట తెరిచాను. దూడ వంతెన దగ్గరే ఉంది. గడ్డి పెట్టాను. ముట్టలేదు. పరాయి చేతి మేత ముట్టకూడదని రాసింది నేనే. తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. అదీ నేను రాసిందే.

"పాత పలుపు విప్పుతారా?"

విప్పితే అది మామది కాకుండా పోతుంది, నా పలుపు కట్టుకోవచ్చు. ఏడుస్తూనే "వద్దు" నొక్కి, దాని పక్కన కూర్చున్నాను. దూడ నావైపు చూడలేదు. మామ పలుపు మెడలో ఉంచుకుని, వంతెన మీంచి వచ్చే దారివైపే చూస్తూ నిలబడింది.