ఊళ్లో ఉన్నవాడిని వలసపోయాడని రాశారు

మూడేళ్లుగా నేనిచ్చిన అర్జీలకు ఒక్కరూ నోరు తెరిచి జవాబు చెప్పలేదు. ఫోనుకు మాత్రం ప్రతిసారీ అదే సందేశం వస్తుంది, ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని. సమస్య ఏమిటో చదివిన వాళ్లెవరూ ఆ మాట పంపరు.

నేను లారీ డ్రైవర్ని. సాలూరులో లోడెత్తితే రాయపూర్ దాకా వెళ్లి, తిరుగు లోడు దొరికాకే ఇంటికొస్తాను. నలుగురం ఒక రేకుల గదిలో అద్దెకుంటున్నాం. అది పడగొట్టి కొట్లు కట్టుకుంటానని, ఉగాదిలోగా ఖాళీ చేయమని యజమాని చెప్పేశాడు. ఊరి చివర ఇళ్ల స్థలాలు ఇవ్వబోతున్నారు. ఎవరికి ఇల్లు అవసరమో మూడేళ్ల కిందట సర్వే చేసి రాసుకున్న జాబితాయే ఇప్పటికీ లెక్క. అందులో నా పేరు లేదు.

సర్వే రోజున నేను ట్రిప్పులో ఉన్నాను. నా భార్య జీడిపిక్కల పనికి, పిల్లలు బడికి వెళ్లారు. తలుపుకి తాళం. సర్వేకొచ్చిన అమ్మాయి పక్కింటి పిన్నిని అడిగిందట.

“ఈ ఇంటాయన ఎక్కడికెళ్లాడు? ఎప్పుడొస్తాడు?”

“బయలెల్లినోడిని ఎక్కడికని అడుగుతామేటమ్మా? మాకు తెల్దు.”

మా వీధిలో లారీ ఎక్కే మనిషిని ఎక్కడికని అడగరు. ఫలానా రోజు వస్తాడని పైకి అనరు. అంటే బండికి మంచిది కాదు. పిన్నికి అన్నీ తెలుసు. నా మేలు కోరే తెలియదంది. ఆ అమ్మాయి ‘శాశ్వత వలస’ అని ఫోనులో నొక్కి వెళ్లిపోయింది. వీధిలో తాళం ఉన్న డ్రైవర్ల ఇళ్లన్నిటికీ అదే రాత.

అదేమని అడగడానికి మా ఊరి సచివాలయానికి వెళ్తే, పక్కనే ఖాళీ కుర్చీ ఉన్నా గుమస్తా నన్ను నిలబెట్టే మాట్లాడాడు. అదీ నేను మరచిపోలేదు.

“నువ్వు ఊర్లో నేవని ఉన్నాది.”

“మరి నీ ముందర నిలుసున్నది ఎవుడు బాబూ? నా దెయ్యమా?”

“నాకేటి తెలుస్తాది? సిస్టంలో నేవు.”

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి చెబితే పిన్ని తల పట్టుకుంది.

“నా నోరే నీ కొంప ముంసిందిరా.”

“నీదేటి తప్పు పిన్నీ? మళ్లీ ఓపాలి రాకుండా రాసేసినోల్లది గాని.”

రేపు మళ్లీ లోడుతో బయలుదేరాలి. ఈసారి అర్జీలో, మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ పలకని మాట రాశాను. రాయపూర్ వెళ్తున్నాను, వచ్చే గురువారానికి తిరిగొస్తాను. నా భార్య కాగితం లాక్కోబోయింది.

“ఆ రోజు మాత్రం రాయకు. నీకు దండమెడతాను.”

రాశాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు.

శుక్రవారం పొద్దున్నే తలుపు తీసి గుమ్మంలో కూర్చుంటాను. వలసపోయాడని రాసినవారో, ఆ రాత కింద సంతకం పెట్టినవారో, ఎవరో ఒకరు రండి. నా ముఖం చూసి చెప్పండి, నేను ఈ ఊరివాడినా, కాదా?