చింతపండుతో తోమిన తుపాకి

ఈ ఉదయం వంటింట్లో రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయాయి. మనవరాలు వాటిని గట్టుకేసి బాదబోతుంటే లాక్కున్నాను. కింది గ్లాసును వేడినీళ్లలో నిలబెట్టి, పై గ్లాసులో చన్నీళ్లు పోసి, కాసేపాగి తిప్పితే ఊడి చేతికొచ్చాయి. ఇదే చిట్కాతో నేనొకప్పుడు తుపాకిని బాగుచేశానంటే ఆ పిల్ల పగలబడి నవ్వింది. నవ్వితే నవ్వనీ, మీకైనా చెబుతాను.

డెబ్బైల చివర్లో పెనుకొండ దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. పుట్టిల్లు హిందూపురం. మా నాయనది చింతపండు వ్యాపారం కాబట్టి, చింతపండుతో తోమితే మెరవని వస్తువు ఈ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. మెట్టినింట్లో అత్త లేదు. మామ, నా మగడు, నేను, అంతే. మేం సాయిబులమే అయినా ఆ ఊరి దేవుడి పార్వేటలో మొదటి చప్పుడు మా ఇంటిది. దసరా వెళ్లాక దేవుడు పల్లకిలో ఊరి బయటికి వేటకు పోతాడు. మా తుపాకి పేలితేగాని ఆ పల్లకి లేవదు. ఈ హక్కు ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో ఎవరికీ తెలియదు. మామను అడిగితే, "ఇచ్చినోళ్లు పోయినారు, తీసుకున్నోళ్లు పోయినారు, తుపాకి ఉండాది గదా" అనేవాడు. తాతల కాలపు తుపాకి అది. మూతిలోంచి మందు పోసి, గుడ్డ కుక్కి, పొడవాటి ఇనుపకడ్డీతో దట్టించాలి. పార్వేటలో గుండు వేయరు, ఉత్త చప్పుడే. పని అయ్యాక కడ్డీని గొట్టం కింది గాడిలో దోపి, తుపాకికి గుడ్డసంచి తొడిగి గోడకు తగిలించేవాడు మామ.

నేనొచ్చిన ఏడాది రంజానుకు ఇల్లంతా కడిగాను. చెంబులు, తట్టలు, దీపపు కుందె అన్నీ తళతళలాడుతుంటే గోడమీది తుపాకి ఒక్కటే నల్లగా, నిష్ఠూరంగా కనిపించింది. మామ గోరంట్లలో ఆడబిడ్డ ఇంటికి పోయి ఉన్నాడు. ఇంకేం, చింతపండు, ఉప్పు కలిపి పైనంతా రుద్దాను. పైన చేసి లోపల వదిలేస్తే హిందూపురం పరువేం కాను? గుడ్డలో గుప్పెడు చింతపండు మూటగట్టి కడ్డీతో గొట్టం అడుగుదాకా దూర్చాను. లోపలికి పోయింది, బయటికి రాలేదు. ఎంత లాగినా కడ్డీ రాలేదు. కొత్త కోడలికి భయం ఎక్కువ, తెలివి తక్కువ. సంచి తొడిగి యథాప్రకారం తగిలించేశాను. మామ తిరిగొచ్చి, సంచిలోంచి బయటికి కనిపించే వెనకభాగం చూసి, "మా కోడలు తుపాకిని అద్దం చేసింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మెప్పు విన్నాక నిజం చెప్పడానికి నోరెట్లా వస్తుంది?

పులుపు, ఉప్పు, పైగా ఆ ఏటి వానలు. పార్వేటకు వారం ముందు మామ సంచి విప్పేసరికి కడ్డీ గొట్టంలో తుప్పుతో ఒకటైపోయింది. మూతి బయట జానెడు తోక మాత్రం మిగిలింది. ఆయన నన్ను అనుమానించనేలేదు. "పోయినేడు కడ్డీ తీసేది మర్చిపోయినానమ్మా. మతిమరుపు వచ్చేసినాది నాకు. మతి లేనోడు తుపాకి పట్టకూడదు" అని మంచం మీద కూలబడ్డాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆయనేమో నా తప్పును తన ముసలితనం కింద వేసుకున్నాడు.

మామ లైసెన్సు కాగితం జేబులో పెట్టుకుని, తుపాకిని గోనెలో చుట్టుకుని ధర్మవరం బస్సెక్కాడు. ఆడ లేతు మిషను పెట్టుకున్నాయన ఒకరు పెద్ద పానాతో కడ్డీని పట్టి తిప్పితే అది వంగిందే గాని కదల్లేదట. "కోసేయాల్సిందేనప్పా, ఇంకేం చేసేకి కాదు" అన్నాడట. కోస్తే ఇక తుపాకి ఉండదు. ఆ సాయంత్రమే ఊరి పెద్ద వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏమబ్బా, ఈ యేడు పేలుతాదా లేదా? పేలదంటే పక్కూరోళ్ల కొత్త తుపాకి చెప్పుకుంటాము" అన్నాడు. ఒకసారి పోయిన హక్కు మళ్లీ రాదని మామకు తెలుసు, మాకూ తెలుసు.

ఆయన "చెప్పుకోండి" అనబోతుంటే లోపలినుంచి నేనే అరిచాను, "రెండు దినాలు ఆగమను మామా!" అని. కోడలు పెద్దమనుషుల మధ్య గొంతెత్తడం ఆ అరుగు మీద అదే మొదటిసారి. ఊరి పెద్ద పోయాక, ఇరుక్కున్న గ్లాసులను వేడినీళ్లు, చన్నీళ్లతో ఊడదీసే సంగతి చెప్పాను. "తుపాకి ఏమన్నా గ్లాసా?" అన్నాడు మామ, కానీ లేచి గొట్టాన్ని చెక్కనుంచి విప్పాడు. పోయినేడు చప్పుడు చేశాక మళ్లీ మందు పోయలేదని ఆయనకు ఖాయం. అయినా వెనక, మందుకు నిప్పంటించే కేపు పెట్టే బుడిపెను ఊడదీసి, ఆ రంధ్రంలోంచి నీళ్లు పోసి లోపలంతా తడిపాకే నన్ను ముట్టుకోనిచ్చాడు.

ఒక రోజంతా కిరసనాయిలు, ఆముదం కలిపి పోసి నానబెట్టాం. మర్నాడు పెరట్లో పొయ్యిమీద నీళ్లకాగు తెర్లబెట్టి, గొట్టం అడుగు అందులో ముంచి, బయటి కడ్డీకి తడిగుడ్డ చుట్టి బావినీళ్లు పోస్తూ కూర్చున్నాను. గొట్టం వేడికి ఉబ్బాలి, కడ్డీ చల్లగా ఉండాలి. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారి కడ్డీకి అడ్డంగా రోకలి కట్టి, నా మగడు గొట్టాన్ని గోనెతో అదిమి పట్టుకోగా, మామ ఒకవైపు నేనొకవైపు తిప్పాం. కిర్రుమంది. వెంట్రుకవాసి కదిలింది. "లాగద్దు! తిప్పు, తిప్పు!" అని నేనే మామను గదమాయించాను. ఇటు కొంచెం, అటు కొంచెం. ఎర్రటి తుప్పునీళ్లు బుసబుసా పొంగాయి, కడ్డీ ఊడి ముగ్గురమూ వెల్లకిలా పడ్డాం.

కడ్డీ చివర కుళ్లిన గుడ్డ. ఆ గుడ్డలోంచి నేలమీద పడింది ఒక చింతగింజ. మామ దాన్ని తీసి వెలుగులో పెట్టి చూశాడు, నన్ను చూశాడు. "నేనే మామా" అన్నాను, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన ముఖం విప్పారింది. "అట్లయితే నేను మర్చిపోలేదు! నాకు మతి ఉండాది!" అని పెరట్లో ఎగిరి గంతేశాడు. నా తప్పు ఒకరికి అంత సంతోషమిస్తుందని కలలో కూడా అనుకోలేదు.

గొట్టాన్ని బూడిదతో రుద్ది, నూనె పట్టించి, బుడిపె బిగించాం. మందు దట్టించడానికి కొత్త కడ్డీ కొట్టించాం. పార్వేట నాడు ఊరంతా చావడి ముందు చేరింది. పక్కూరివాళ్లు కూడా కొత్త తుపాకి పట్టుకుని వచ్చారు, ఎందుకైనా మంచిదని. మామ తుపాకి ఎత్తాడు. కేపు పేలిన చిన్న శబ్దం, ఆ వెంటే కొండకు తగిలి తిరిగొచ్చిన పెద్ద చప్పుడు. పల్లకి లేచింది. పొగలోంచి మామ గొంతు వినిపించింది: "ఈ యేడు చప్పుడు మా కోడలిది!" ఆడవాళ్ల గుంపులో నేను తల దించుకోలేదు. ఎందుకు దించుకోవాలి?

మామ పోయి చాలా కాలమైంది. ఆయన పెట్టె తెరిచినప్పుడు లైసెన్సు కాగితం మడతలో ఆ చింతగింజ దొరికింది. నా తప్పుకు గుర్తుగా దాచాడో, మా గెలుపుకు గుర్తుగా దాచాడో అని అప్పట్లో చాలాసార్లు ఆలోచించేదాన్ని. ఇన్నేళ్లు గడిచాక ఆ రెంటినీ విడదీయడం నా చేతనయ్యే పని కాదు, విడదీయాలనీ లేదు.