నోటికి చుక్క కూడా వద్దన్నారు

పక్షవాతం వచ్చి మా ఇంటాయనకి మింగుడు పోయింది. ఆసుపత్రిలో ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి, ముక్కు మీద పట్టీ అతికించి ఇంటికి పంపేశారు. పంపేముందు డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. "నోటికి చుక్క నీళ్లు కూడా వద్దమ్మా. దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పటికే ఒకసారి నెమ్ము చేసింది. ఇంకోసారి చేస్తే మనిషి తట్టుకోలేడు" అన్నాడు.

నేను చదివింది రెండో తరగతే. అయినా ఒకసారి చెప్పింది మరిచిపోయే మనిషిని కాను.

చోడిపిండి జావ, అదే రాగిజావ, పల్చగా కాచి, పాత పంచె ముక్క రెండు మడతలేసి వడకట్టాలి. నలక ఉంటే గొట్టం మూసుకుపోతుంది. ఆయన్ని తలగడలేసి కూర్చోబెట్టి, ముక్కు దగ్గర నర్సు పెన్నుతో పెట్టిన గీత జరిగిందేమో చూడాలి. గొట్టానికి సిరంజి తగిలించి ఎత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగుతుంది, తొయ్యకూడదు. చివర్న కాసిని నీళ్లు. ఆ తర్వాత అరగంట పడుకోబెట్టకూడదు.

మా అబ్బాయి డ్యూటీకి పోతాడని, ఆయన్ని చూసుకోడానికి పక్కనున్న సుపేలా బస్తీ నుంచి ఒకావిణ్ణి పెట్టాడు. ఛత్తీస్‌గఢీ మనిషి. తెలుగిళ్లలో చేసి చేసి మన మాట పట్టింది. నన్ను దాయీ అంటుంది. వాళ్లలో అమ్మని అలా పిలుస్తారట. పిలుపుకి కరిగే రకాన్ని కాను నేను. అయితే ఆవిడ రావడంతో, ఆసుపత్రి గొడవలో ఆగిపోయిన పూజకి నాకు మళ్లీ తీరిక దొరికింది. మడి కదా, పూజయ్యి నేను ఆయన కళ్లకి హారతి అద్ది, తీర్థం ఇచ్చి వచ్చేదాకా ఆ గదిలోకి రావద్దని చెప్పాను. బుద్ధిగా వరండాలో కూర్చునేది.

నాలుగు రోజులయ్యేసరికి దగ్గు మొదలైంది. రోజూ పొద్దున్న తొమ్మిదికే. నేను వంటింట్లో జావ వడకడుతుంటే గదిలోంచి తడి దగ్గు, గొంతులో గురగుర. అప్పటికి గదిలో ఉండేది ఆవిడొక్కతే.

నా చూపు ఆవిడ టీ ఫ్లాస్కు మీద పడింది. ఈయన స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్స్ బట్టీల దగ్గర చేసినన్నాళ్లూ టీ మీదే బతికాడు. ఇప్పుడు ఆవిడ కప్పు ఎటు కదిలితే ఆ కళ్లు అటే కదులుతాయి. జాలిపడి రెండు చుక్కలు పోస్తోందనుకున్నాను. ఆయన మీసం వాసన చూశాను. తలగడ గలేబు తిప్పి మరకలు వెతికాను.

"ఏటి పోసేవే ఆయనకి?"

"నేనేటి పోస్తాను దాయీ? నా టీ నా గొంతులోకే పోద్ది."

"మరెందుకు దగ్గుతున్నాడు?"

"నాకేటి తెలుసు? గీత చూసేను, ఉన్నచోటే ఉంది."

ఫ్లాస్కు తెచ్చి వంటింట్లో పెట్టేసుకున్నాను. వెళ్లేటప్పుడే ఇచ్చేదాన్ని. మా అబ్బాయి నవ్వాడు. "అమ్మా, ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు కూడా ఇంత సోదా చెయ్యరే." నవ్వుకోనీ అనుకున్నాను. దగ్గు మాత్రం తగ్గలేదు.

ఆదివారం ఆవిడకి సెలవు. అన్నీ నేనే చూసుకున్నాను. తొమ్మిదికి మళ్లీ అదే దగ్గు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా? రాలేదు. శనివారం వెళ్తూ వెళ్తూ ఏదో తాగించి పోయుంటుంది అనుకున్నాను.

సోమవారం ఆవిడని కంటి ముందునుంచి కదలనివ్వదల్చుకోలేదు. మడీ లేదు, గిడీ లేదు. "ఈ గుమ్మంలోనే నిలబడు. నాకు కనబడుతూ ఉండు" అన్నాను. పూజ ముగించాను. హారతి ఆయన కళ్లకి అద్దాను. పంచపాత్రలోంచి ఉద్ధరిణితో తీర్థం తీసి ఆయన పెదాలు విడదీస్తున్నాను.

ఆవిడ ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టేసుకుంది.

"దాయీ! ఇదేటి?"

"తీర్థమే."

"నీళ్లు కాదా?"

నీళ్లంటే నాకు బిందెలోవి, గ్లాసులోవి. తీర్థాన్ని నేను ఎన్నడూ ఆ లెక్కలో వెయ్యలేదు. యాభై ఏళ్లుగా రోజూ ఆయన చేతిలో పోసిందే. చెయ్యి లేవదని నోట్లో పోశాను. రోజుకి మూడు ఉద్ధరిణులు.

ఆ రోజంతా గంటగంటకీ ఆయన నుదురు పట్టుకు చూశాను. డాక్టరుకి ఫోన్ చేసి, జరిగింది నా నోటితో నేనే చెప్పుకున్నాను. డాక్టరు వచ్చి ఛాతీ పరీక్షించి, ఇంకా నెమ్ము చెయ్యలేదు, జ్వరం కనిపెట్టుకుని ఉండమన్నాడు. జ్వరం రాలేదు. గురువారానికి దగ్గు ఆగింది.

"జావ తర్వాత పోసే నీళ్లలో కలుపు దాయీ, కడుపులోకే కదా పోద్ది" అందావిడ. ముక్కులోంచి తీర్థమా అని మొదట గింజుకున్నాను. ఇప్పుడు కాచి చల్లార్చిన నీళ్లే తీర్థానికి పెడుతున్నాను. తులసాకు వెయ్యడం లేదు. అయినా పంచె ముక్కలో వడకడుతున్నాను. ఆయన దగ్గరికి వెళ్లేముందు ఆవిడ చెయ్యి చాపుతుంది, నేను ఉద్ధరిణి ఇచ్చేస్తాను. నన్ను నమ్మదు.

ఫ్లాస్కు ఇంకా వంటింట్లోనే ఉంటోంది. ఆయన కళ్లపడకుండా ఇద్దరం అక్కడే తాగుతాం.