ఇరవై మూడు ఫ్యాన్లు, ఒక ఉయ్యాల

నేను కడుపుతో ఉన్నానని తెలిసిన రోజుకి మా ఇంట్లో ఇరవై మూడు ఫ్యాన్లున్నాయి. మనుషులం ఇద్దరం.

ఇల్లు పెద్దదేమీ కాదు. యానాంలో గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల ఒక హాలు, పడగ్గది, వంటిల్లు, వరండా. స్లాబుకి మొత్తం ఐదు కొక్కేలు, హాల్లో రెండు, మిగతా చోట్ల ఒక్కోటి. ఐదింటికీ ఐదు పాతకాలపు సీలింగ్ ఫ్యాన్లు వేలాడుతుండేవి. మిగిలినవాటి రెక్కలు మంచం కింద, మోటార్లు బీరువా మీద, టేబుల్ ఫ్యాన్లు అటక మీద బియ్యం డబ్బా పక్కన ఉండేవి. చుట్టాలొస్తే కూర్చోవడానికి చోటుండేది కాదు గానీ, వాళ్ళకి చెమట మాత్రం పట్టేది కాదు.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టాఫ్‌రూమ్‌కి కొత్త ఫ్యాన్లొచ్చాయి. పాతదాన్ని పాత ఇనప సామాన్లవాడికి వేసేయబోతుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు ఇత్తడి రెక్కలు, నల్లగా మాసిపోయి ఉన్నాయి. మూడు రోజులు చింతపండేసి తోమాను. బిగించి స్విచ్ వేస్తే అది వెంటనే తిరగలేదు. కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా కదిలి, ఆ తర్వాత అస్సలు చప్పుడు లేకుండా తిరిగింది. దాని కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశాను. నా సంగతి అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత కాకినాడ పాత సామాన్ల కొట్లలో నన్ను పేరు పెట్టి పిలిచేవారు. పెళ్ళిరోజుకి చీర కొనుక్కోమని మా ఆయన ఇచ్చిన డబ్బు బేరింగులకి పోయింది. మరో ఏడాది బోనసు ఒకే ఒక్క మోటారు వైండింగుకి పోయింది. ఊళ్ళో నా పేరు ఫ్యాన్ల టీచరమ్మ అయింది. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు పోతే, పది రోజులు తిరక్కుండా వాళ్ళ మనిషి మా గుమ్మంలో నిలబడేవాడు.

"మా మావయ్యగారు పోయారండి. ఆయన ఫ్యానొకటుందండి. మీకైతే దాని విలువ తెలుత్తాదని తెచ్చానండి."

పరామర్శించాలో బేరమాడాలో తెలిసేది కాదు. రెండూ చేసేదాన్ని.

మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్. పగలంతా నీళ్ళని చిలికే చక్రాలు చూసి ఇంటికొస్తే, ఇక్కడా తిరిగేవే. అయినా పెళ్ళయిన నాలుగేళ్ళలో ఒక్క మాట అనలేదు. బిడ్డ సంగతి తెలిసిన రోజు జిలేబీ తెచ్చి వీధంతా పంచిపెట్టాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు. మూడో రోజుకి అడిగాడు.

"ఉయ్యాల ఎక్కడ కడదావంటావ్?"

నేనూ పైకి చూశాను. ఖాళీ కొక్కెం ఒక్కటి కూడా లేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక దరియాలతిప్ప నుంచి అమ్మ వచ్చింది. ఇల్లంతా ఒకసారి తిరిగింది. మంచం కింద చీపురు పెట్టి చూస్తే రెక్కలు గలగలమన్నాయి.

"పిల్లకి చోటేదే?"

"హాల్లో ఒకటి తీసేత్తానమ్మా."

"ఎప్పుడు? దానికి పెళ్ళీడొచ్చాకా?"

మా ఆయన్ని నా తరఫున మాట్లాడమన్నట్టు చూశాను. ఆయన అత్తగారికి మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. చివరికి ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి, మూడే ఉంచాలి. వరండాకి గోదావరి గాలి చాలు. మిగతా ఇరవయ్యీ నాకు ఎనిమిదో నెల వచ్చేలోపల ఇల్లు వదలాలి. బిడ్డకి పేరు ఆలోచించడానికి మాకు పది నిమిషాలు పట్టింది. ఏ మూడు ఉంచుకోవాలో తేల్చుకోవడానికి నాకు నెల పట్టింది.

ఫ్యాను కావాలంటూ మొదటివాడు అగ్రహారం నుంచి వచ్చాడు. ఫ్యాను కింద నిలబడి బాగుందన్నట్టు తలూపాడు.

"ఏ గదిలో బిగిత్తారండి?" అని అడిగాను.

"గదేంటండి! కోళ్ళ షెడ్డులోనండి. ఎండకి కోళ్ళు చచ్చిపోతన్నాయండి."

"దీని రెక్కలు చేత్తో సాగగొట్టి చేసినవండి."

"ఆయ్, కోళ్ళకేం తెలుత్తాదండి అదీ!"

"అందుకేనండి ఇవ్వనంటున్నది."

మా ఆయన అతన్ని గేటు దాకా సాగనంపి, భుజం మీద చెయ్యేసి ఏదో సర్దిచెప్పి పంపాడు. తర్వాత షామియానాలు సప్లై చేసే ఆయన వచ్చాడు. పెళ్ళిళ్ళకీ చావులకీ తిప్పుకుంటానన్నాడు. ఆయన మాట పూర్తికాకుండానే తలుపేశాను. అప్పటినుంచీ నియమం పెట్టాను. ఎవరికిచ్చినా వాళ్ళ ఇల్లు చూడనిదే ఇవ్వను.

"సంబంధం చూత్తన్నావా?" అన్నాడు మా ఆయన.

"అనుకోండి."

అలా ఆరో నెలలో బండి వెనక కూర్చుని మెట్టకూరు వెళ్ళాను. ఫ్యాను కావాలన్న అబ్బాయి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. వాళ్ళ నాయనమ్మ చాప పరిచి, కాఫీ ఇచ్చి, జంతికలు పెట్టింది. చాలా మర్యాద చేసింది. మేడ మీద వాటా అద్దెకి చూసుకోవడానికి వచ్చామని ఆవిడ అనుకుందని మాకు తెలియదు.

"కప్పు ఎత్తు ఎంతుంటాదండి?" అన్నాను.

"ఎంతెత్తు మనిషికైనా తల తగలదమ్మా."

"ఎప్పుడన్నా ఊగిందాండి?"

"ఊగడవేంటి తల్లీ! మా అబ్బాయి దగ్గరుండి కట్టించాడు."

"రోజుకి ఎన్ని గంటలు తిప్పుతారండి?"

ఆవిడ నా వైపు చూసింది. నా పొట్ట వైపు చూసింది. తర్వాత మా ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించి, "అమ్మాయికి ఒంట్లో బాగానే ఉంటందా బాబూ? ఇలాంటప్పుడు కొందరికి అలా అవుద్ది," అంది.

మా ఆయన కాఫీ గొంతులో అడ్డుపడి దగ్గాడు. ఇంతలో మనవడొచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే వాటాకి అడ్వాన్సు ఇచ్చి లేచేవాళ్ళమే. ఇల్లు బాగుంది, కప్పు గట్టిది, ఫ్యాను ఇచ్చేశాను. తిరిగొచ్చే దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఇంకో రెండు మా చర్చికిచ్చాను. పాస్టరు గారు ప్రార్థనలో, "తనకు ప్రియమైనవాటిని విడిచిపెట్టిన ఈ సహోదరిని దీవించు ప్రభువా," అన్నారు. పక్కనున్న ఆవిడ కళ్ళు మూసుకునే నన్ను మోచేత్తో పొడిచి, "ఏం విడిచిపెట్టావమ్మా?" అంది.

"ఫ్యాన్లండి."

ఆవిడ కళ్ళు తెరిచి పైకి చూసింది.

అయితే రెండూ ఆడవాళ్ళ వైపే బిగించారు. పై వారానికల్లా మగవాళ్ళు పాటల పుస్తకాలతో విసురుకుంటూ మా వైపు గుర్రుగా చూడ్డం మొదలుపెట్టారు. ఆ తర్వాతి వారం నలుగురు పెద్దలు వాక్యం సరిగ్గా వినపడట్లేదని మా బెంచీల మీదికి వచ్చి కూర్చున్నారు. పాస్టరు గారు అసలు ప్రసంగం ఆపి, ఒకరి కోసం ఒకరు సర్దుకోవడం గురించి చెప్పాల్సి వచ్చింది. ఆ నలుగురూ హాయిగా నిద్రపోయారు.

అంత కష్టపడ్డాక ఇంట్లో ఇరవై మిగిలాయి. అప్పుడే ఏడో నెల వచ్చింది, నాకు శ్రీమంతం చేశారు.

తోటి టీచర్లు రంగు కాగితం చుట్టి ఒక పెట్టె తెచ్చారు. "నీకిష్టవని వెతికి మరీ తెచ్చాం," అన్నారు. టేబుల్ ఫ్యాను. మా అత్తగారి వైపువాళ్ళు రెండు తెచ్చారు, వాళ్ళింట్లో అటక మీదవి. పక్కింటివాళ్ళు చెరొకవైపు నుంచి చెరొకటి. అందరూ వెళ్ళిపోతుండగా కోళ్ళ షెడ్డు ఆయన గోనె సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"మా తాతగారిదండి. ఆ రోజు మీరన్న మాట మనసులో ఉండిపోయిందండి. మా ఇంట్లో ఉంటే ఇది కోళ్ళ పాలైపోద్దండి. మీరైతే పేణంలా చూసుకుంటారు."

అతని కళ్ళలో నీళ్ళు. వద్దనలేక సంచీ అందుకున్నాను.

అమ్మ మొత్తం లెక్కపెట్టింది. ఇరవై ఆరు. స్టూలు మీద కూలబడింది.

"మూడుంచమంటే మూడు పెంచావేంటే?"

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. అందరూ ఫ్యాన్ల కోసం అనుకున్నారు. అసలు సంగతి వేరు. ఇంటికి ఎవరొచ్చినా అప్పటికే నా పొట్టతోనే మాట్లాడుతున్నారు. తిన్నావా, పడుకున్నావా, నీళ్ళు తాగావా అని అడగడమే తప్ప, ఈ మోటారు ఎక్కడిది, ఎలా బాగుచేశావని అడిగేవాళ్ళు లేరు. ఇవి కూడా పోతే నాకంటూ ఏం మిగులుతుందోనని భయమేసింది.

మా ఆయన రెక్కల మధ్య చోటు చేసుకుని నేల మీద కూర్చున్నాడు.

"నీకెప్పుడూ చెప్పలేదు గానీ, గేటు తీత్తంటేనే నాకు తెలిసిపోద్ది, ఏది తిరుగుతుందో. వంటింట్లోది కూనిరాగం తీత్తది. వరండాలోది గురకెడద్ది. గురక వినపడిందంటే నువ్వు పేపర్లు దిద్దుతున్నావని."

నాలుగేళ్ళలో నా ఫ్యాన్ల గురించి ఆయన ఇంత మాట్లాడింది అదే మొదటిసారి. నేను ముక్కు తుడుచుకున్నాను. తర్వాత నేనే అడిగాను, "ఆ షామియానాల ఆయన నంబరుందా?"

షామియానాల ఆయన మర్నాడు వ్యాను తెచ్చాడు. నా ముందు కాస్త భయంభయంగానే నిలబడ్డాడు. సీలింగ్ ఫ్యాన్లు ఎలా కడతావని అడిగితే, "ఆయ్, టెంటు పైపుకి కట్టేత్తానండి," అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఇరవై మూడు ఎక్కాయి. ఇల్లు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. మాటలు గోడలకి తగిలి తిరిగొస్తున్నాయి.

హాల్లో నా ఇత్తడి ఫ్యాను ఒక కొక్కేనికి ఉండిపోయింది. రెండో కొక్కేనికి మా అమ్మ పాత చీరని మా ఆయన ఉయ్యాలగా కట్టాడు. బరువు ఆగుతుందో లేదో చూడాలన్నాడు. ఇంట్లో ఏ వస్తువు ఎంత బరువుంటుందో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు గనక, వంటింట్లోని ఫ్యాను దింపి ఆ మోటారునే ఉయ్యాలలో పడుకోబెట్టమన్నాను. ఆయన నిజంగానే పడుకోబెట్టి ఊపాడు. సరిగ్గా అప్పుడే పాస్టరు గారి భార్య పలకరించడానికి వచ్చి, గుమ్మంలో ఆగి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

తొమ్మిదో నెల మొదట్లో మా తోటి టీచరుతో కలిసి అగ్రహారంలో ఒక చావింటికి వెళ్ళాను. ఆవిడకి దూరపు చుట్టమట, ముసలాయన. నేనెప్పుడూ చూడలేదు. టెంటు కింద పడుకోబెట్టారు. తల దగ్గర నా టేబుల్ ఫ్యాను ఉంది. అటూ ఇటూ తిరగాల్సిన మెడ దగ్గర మర వదులైపోయి, ఒకే వైపు టకటకమని కొట్టుకుంటోంది. ఐదు నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత లేచి, అందరినీ తప్పించుకుంటూ ముందుకెళ్ళి, పొట్ట పట్టుకుని వంగి, రూపాయి బిళ్ళతో వెనక మర బిగించాను. అది సరిగ్గా తిరగడం మొదలుపెట్టింది. పెద్దాయన జుట్టు మెల్లగా అటూ ఇటూ కదిలింది.

వెనక్కి తిరిగేసరికి ఆ ఇంటి పెద్ద కూతురు నన్ను గట్టిగా పట్టేసుకుంది.

"ఈ పరిస్థితిలో కూడా వచ్చావా తల్లీ! నాన్నంటే అంత పేమా నీకు!"

నాకూ దుఃఖం ఆగలేదు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. నన్ను దగ్గరి చుట్టాల వరసలో కూర్చోబెట్టారు. ఫ్యాను గాలి అక్కడికి బాగా వచ్చింది.

వర్షాలు మొహం చాటేసిన ఆగస్టులో పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే అమ్మ నా చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, కిటికీలు వేసేసింది. నేను హాల్లో మంచం మీద పడుకున్నాను. సరిగ్గా నా తల మీద ఇత్తడి ఫ్యాను ఉంది. తిరగడం లేదు.

"అమ్మా, ఒకటో నంబరు మీద, కాసేపు."

"పచ్చి బాలింతవి. గాలి తగిలితే ఇంకేవన్నా ఉందా? నెల్లాళ్ళు ఆ స్విచ్చు ముట్టుకున్నావంటే ఊరుకోను."

అని స్విచ్చు మీద ప్లాస్టర్ అంటించింది. మా ఆయన పనికెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు నా వైపు తప్పు చేసినవాడిలా చూసేవాడు. పడగ్గదిలో ఆయన పైన ఫ్యాను తిరుగుతూనే ఉండేది మరి. ఏడేళ్ళుగా గాలి కోసమే బతికినదాన్ని, గోదావరి ఉక్కలో కదలని నాలుగు రెక్కల కింద చెమటలు కక్కుకుంటూ పడి ఉన్నాను.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం అమ్మ స్నానానికి వెళ్ళింది. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన గోటితో ప్లాస్టర్ ఊడదీసి స్విచ్ వేశాడు. గాలి నా మొహాన్ని తాకింది. నేను చెవుల్లో దూది తీసేశాను. ఉయ్యాలలో పాప కళ్ళు విప్పి, ఫ్యాను వంక చూడనైనా చూడకుండా, గాలికి టపటపలాడుతున్న చర్చి క్యాలెండరునే కన్నార్పకుండా చూసింది.

"అది కూడా దాచుకుంటదేమో ముందు ముందు, క్యాలెండర్లు," అన్నాడు మా ఆయన.

నేను నవ్వుతుంటే కుట్లు లాగాయి. క్యాలెండరు చప్పుడు వినపడిందేమో, స్నానాలగదిలోంచి అమ్మ గట్టిగా అరిచింది.

"ఎవరది స్విచ్చేసింది?"

అమ్మ బయటికి రావడానికి ఇంకా రెండు చెంబుల నీళ్ళు పడతాయని లెక్కేసుకుని, మేం అలాగే గాలికి కూర్చున్నాం.